మూడు పిలుపులు

మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో గండయ్య దుకాణం ఉంది. బోర్డు మీద ‘అంతిమయాత్ర సేవలు, ఇరవై నాలుగు గంటలు’ అని రాసి ఉంటుంది. దుకాణమంటే రెండు షట్టర్లు. ఒకదాంట్లో శవాన్ని ఉంచే ఫ్రీజర్ బాక్సులు మూడు. రెండో దాంట్లో వెదురు కట్టెలు, కుండలు, తెల్లగుడ్డ, గులాల్ సంచులు. పైన ఇల్లు, పక్కన రేకుల షెడ్డులో వ్యాను. ఆ గడపకు జనం ఏడుస్తూ వస్తారు, లేకపోతే ఏడ్చి ఏడ్చి అలిసిపోయి వస్తారు. ఊళ్లోవాళ్లు పెళ్లికార్డు ఇవ్వడానికి వచ్చినా బల్ల మీద పెట్టి, “తప్పకుండ రావాలె” అన్న మాట మింగేసి వెళ్లిపోతారు. వాళ్లు అనరు, వీళ్లు పోరు. ఇరవై ఏళ్లుగా అలాగే గడిచిపోతోంది.

అలాంటి దుకాణానికి ఒక గురువారం పొద్దున పార్వతీదేవి ఆటో దిగి వచ్చి, వాళ్లను భోజనానికి పిలిచింది.

“ఆదివారం మా ఆయన అయిదో సంవత్సరీకం తమ్ముడూ. నువ్వు, రాధమ్మ, అశ్రిత ముగ్గురూ రావాలి. ఊరికే మొహం చూపించి వెళ్లడం కాదు. మా చుట్టాలతోపాటు మొదటి బంతిలో కూర్చుని తినాలి.”

గండయ్య ఫ్రీజర్ బాక్సు అద్దం తుడుస్తున్నాడు. గుడ్డ పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. “మా అసొంటోళ్లు గా కాడికి ఎందుకమ్మా...”

“ఏం, నీకేం తక్కువ? కొడుకు చెయ్యాల్సిన పని చేశావు. దింపుడు కల్లం దగ్గర ఆయన చెవిలో పేరు పెట్టి పిలిచినవాడివి. మావాళ్లందరూ నిన్ను చూడాలంటున్నారు.”

మెట్ల మీద నిలబడ్డ అశ్రితకు ఆ మాట వినపడింది. పార్వతీదేవి తలెత్తి చూసి నవ్వింది. “ఏం టీచరూ! సెలవులని పదింటిదాకా పడుకుంటున్నావా? ఆదివారం తొందరగా రా. వడ్డనకు మనుషులు కావాలి.”

ఆమె వెళ్లగానే రాధమ్మ బీరువా తెరిచింది. “ఏ చీర కట్టుకోవాల్నే? ఇరువై ఏండ్లల మనల్ని తిననీకి పిలిచిన మొదటి మనిషి గీమె.” ఆ మాట అన్నాక ఆమెకే ఏదో గుర్తొచ్చినట్టు చీర మళ్లీ మడతపెట్టింది.

దింపుడు కల్లం అంటే, పాడెను శ్మశానం దారిలో ఒకచోట కిందికి దింపుతారు. కొడుకో, దగ్గరి మనిషో చెవి దగ్గర వంగి మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. ప్రాణం ఎక్కడైనా మిగిలుంటే పలుకుతాడని ఆశ. ఎవరూ పలకరు. అయినా పిలవకుండా ముందుకు తీసుకుపోరు.

అయిదేళ్ల కిందట, కరోనా రెండోసారి విరుచుకుపడ్డ మే నెలలో, అశ్రిత డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. కాలేజీ మూతపడింది. వాళ్ల నాయిన వ్యాను తోలుతుంటే దుకాణం ఫోను, పుస్తకం ఆమె చూసేది. పేరు, ఆసుపత్రి, ఇంటివాళ్ల నంబరు. ఒక్కోరోజు పేజీ చాలేది కాదు. అలాంటి ఒకరోజు వ్యానులో ముగ్గురున్నారు. ముగ్గురూ జిప్పు సంచుల్లోనే. అందులో ఒకాయన శామీర్‌పేట దగ్గరి కాలనీలో ఉండే యజ్ఞనారాయణ. కాకినాడ వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి, ఇక్కడే రిటైరై, ఇల్లు కట్టుకున్నాడు. కొడుకు హేమచంద్ ఆక్సిజన్ మీద ఆసుపత్రిలో ఉన్నాడు. భార్య పార్వతీదేవికి కూడా పాజిటివ్. గది దాటడానికి లేదు.

పన్నెండింటికి ఆమె ఫోన్ చేసింది. అప్పటికి అది పద్నాలుగో ఫోను.

“అమ్మా, దింపుడు కల్లం చేశారా? పేరు పెట్టి పిలిచారా ఎవరైనా?”

“పిలిచిన్రమ్మా,” అంది అశ్రిత. “మా నాయిననే పిలిచిండు. మూడుసార్లు.”

అవతల ఏడుపు. అంతటితో ఆగినా బాగుండేది. ఆగలేదు. చిన్నప్పటినుంచి అన్నం తింటూ, హోంవర్కు చేస్తూ విన్న సంగతులన్నీ నోటికి తయారుగా ఉన్నాయి. “కుడి చెవుల పిలిచిండమ్మా. పిలిచి జరసేపు మొఖం దిక్కే చూసుకుంట ఉన్నడు. ఇగ లేదన్నంక లేపిన్రు.” ఆ ఇంట్లో పెరిగిన పిల్ల తప్ప ఇంకెవరూ అంత నిండుగా అబద్ధం చెప్పలేరు.

గండయ్య సాయంత్రం ఏడింటికి వచ్చాడు. గేటు దగ్గర రాధమ్మ రోజూ పెట్టే బకెట్ నీళ్లు నెత్తిన కుమ్మరించుకుని, తడిబట్టలతోనే అరుగు మీద కూర్చున్నాడు. అశ్రిత చెప్పింది, ఆమె అట్ల అడిగింది, నేను ఇట్ల అన్న అని. ఆయన చొక్కా అంచు నీళ్లు పిండాడు.

“మూడు సంచులల్ల ఆయన ఏదాంట్ల ఉన్నడో గూడ నాకు ఎరుక లేదు బిడ్డా,” అన్నాడు.

కూతుర్ని తిట్టలేదు. కానీ నెల తిరిగాక పార్వతీదేవి మాస్కు కట్టుకుని వచ్చి దుకాణం ముందు రెండు చేతులూ జోడించి నిలబడితే, ఆయన వెనక్కి తిరిగి కట్టెలు సర్దుతూ ఉండిపోయాడు. సిగ్గరి అనుకుందామె. అప్పటినుంచి ఏ శవానికి ఎవరూ లేకపోయినా, ఉన్నవాళ్లు పిలవడానికి భయపడినా, గండయ్య తనే వంగి పిలవడం మొదలుపెట్టాడు. ఎవరూ అడక్కపోయినా పిలిచేవాడు.

పార్వతీదేవి లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. “నీ రుణం నీ కూతురికి చదువు చెప్పి తీర్చుకుంటాను తమ్ముడూ,” అని పట్టుబట్టింది. డిగ్రీ, బీఈడీ, టెట్, డీఎస్సీ, నాలుగేళ్లు ఆ ఇంటి డైనింగ్ టేబుల్ మీదే నడిచింది. జవాబు సరిగ్గా వచ్చినా ఊరుకునేది కాదు. “మధ్యలో ఈ మెట్టు ఎందుకు దాటేశావు?” అని పెన్నుతో గీత కొట్టేది. ఇప్పుడు అశ్రిత కీసర దగ్గర సర్కారు బడిలో లెక్కల టీచరు. ఆ వంశంలో మొదటి డిగ్రీ, మొదటి ఉద్యోగం. ఉద్యోగం కాగితం చేతికొచ్చిన రోజు పార్వతీదేవి నోట్లో మైసూర్‌పాక్ పెడితే, అశ్రిత వంగి ఆమె కాళ్లు ముట్టుకుని, మొహం చూడకుండానే లేచింది.

శనివారం మధ్యాహ్నం ముగ్గురూ ఆ భోజనం పిలుపు గురించే మాట్లాడుకున్నారు.

“పోవద్దు. వ్యానుకు కిరాయి ఉందని చెప్దాం,” అంది రాధమ్మ.

“మల్లొక అబద్ధమా?” అంది అశ్రిత. “రేపు మందిల నాయిన చేతుల బట్టలు పెడ్తరు. అంతకుముందే చెప్పాలె. నేను చెప్త.”

“చెప్తే ఏమొస్తదే? ముసలామె పానం తల్లడిల్లదా? నీ మనసు సల్లగయితది, ఆమె మనసు కాలుతది.”

రాధమ్మ మాటలో అబద్ధం లేదు.

“నువ్వు చెప్పకు,” అన్నాడు గండయ్య. “నేను చెప్త. పని నాది. పిలువకుంట కాల్చింది నేను.”

“అన్నది నేను.”

“టీచర్వు, రేపు నలుగురిల తలెత్తుకోని తిరగాల్సిన దానివి. నాకేంది, ఎప్పుడు ఎత్తిన?”

రాధమ్మ ఫోను దగ్గర ఉంటానంది. ఆదివారం తండ్రీకూతుళ్లిద్దరే స్కూటీ మీద పోయారు.

హాల్లో యజ్ఞనారాయణ ఫొటోకు మల్లెదండ. ఇరవై మంది చుట్టాలు. హేమచంద్ ఎదురొచ్చి గండయ్య చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. గండయ్య చెప్పులు విడిచిన చోటే రెండుసార్లు అటూ ఇటూ జరిగాడు. చావు జరగని ఇంట్లోకి చెప్పులు విడిచి పోవడం ఆయనకు అలవాటు తప్పింది. “అమ్మా, ఒక్క మాట చెప్పాలె,” అని రెండుసార్లు అన్నాడు. “భోజనం అయ్యాక తమ్ముడూ,” అని ఆమె రెండుసార్లూ భుజం తట్టింది. అశ్రిత వంటింట్లోకి పోయి, “టీచరమ్మా, మీతో మాట్లాడాలె,” అంటే, కోడలు అమూల్య నీళ్ల జగ్గు చేతిలో పెట్టింది.

బంతి కూర్చున్నారు. గండయ్య ఆకు ముందు, కొత్త పంచె, చొక్కా గుడ్డ ఉన్న పళ్లెం పట్టుకుని పార్వతీదేవి నిలబడింది.

“అందరికీ చెప్పానుగా, ఈయనే. తమ్ముడూ, అయిదేళ్లనుంచీ ఒక్కటి అడగాలని. ఏ పేరు పెట్టి పిలిచావు?”

గండయ్య తలెత్తలేదు.

“ఎందుకంటే, యజ్ఞనారాయణ అంటే ఆయన పలికేవారు కాదు. అది ఆఫీసు పేరు. ఇంట్లో వాళ్లమ్మా, అన్నలూ అందరూ బుల్లియ్య అనేవారు. బుల్లియ్యా అంటే నిద్రలో కూడా ‘ఆఁ’ అనేవారు. నీకు తెలియదు కదా పాపం. నేనైనా ఫోన్లో చెప్పాల్సింది. చెప్పలేదని నా బాధ.”

ఎవరో ముసలాయన, “ఏ పేరైతేనేం పార్వతీ,” అన్నాడు. గండయ్య ఆకు మీది నుంచి చెయ్యి తీసేశాడు. ఆ అయిదేళ్లూ ఆమె తన తప్పే అనుకుంటూ ఉందన్న సంగతి అశ్రితకు అప్పుడు తెలిసింది. జగ్గు కింద పెట్టింది.

“మా నాయిన ఏ పేరు పెట్టి పిలువలే టీచరమ్మా. పిలిచిండని నేనే అబద్ధం చెప్పిన.”

“ఏం మాట్లాడుతున్నావ్ అశ్రితా?” అన్నాడు హేమచంద్.

పార్వతీదేవి అతన్ని చేత్తో ఆపింది. ఆమె మొహంలో కోపం లేదు. లెక్క సరిచూసేటప్పటి ముడి ఒకటి కనుబొమల మధ్య పడింది.

“ఉండు. నేను ఫోన్ చేసింది పన్నెండింటికి. అప్పటికే అంతా అయిపోయిందా?”

“కాలే.”

“మరి ఎప్పుడైంది?”

“నాలుగింటికి.”

“అప్పటిదాకా ఆయన ఎక్కడున్నారు?”

“వ్యాన్లనే. శ్మశానం కాడ లైన్ల.”

“మీ నాన్న?”

“గాడనే ఉన్నడు.”

“అంటే నాలుగు గంటల టైముంది,” అంది పార్వతీదేవి మెల్లగా. “మీ నాన్నకు ఫోన్ చేసి, పిలవమని చెప్పలేదా?”

దాటేసిన మెట్టు అదే. అయిదేళ్లలో అశ్రిత ఎవరికీ చెప్పనిదీ అదే. వాళ్ల నాయినకు కూడా చెప్పలేదు. అంతా అయిపోయాక ఆమె అడిగిందని, ఓదార్చడానికి బిడ్డ అట్లా అన్నదని ఆయన అనుకుంటూ వచ్చాడు.

“చెయ్యలే. పొద్దుగాల సంది ఫోన్లు... పరేషాన్ల ఉంటి. సచ్చిపోయినోళ్లకు ఇనవడ్తదా ఏంది అనుకున్న. చదువుకున్నదాన్ని గద.” చివరి మాట వినీ వినబడనట్టు వచ్చింది.

గండయ్య కూతురి వైపు తిరిగి చూశాడు. వేల శవాలను చూసిన కళ్లు అవి. అశ్రిత ఆ చూపుకు నిలబడలేకపోయింది.

పార్వతీదేవి పళ్లెం టీపాయ్ మీద పెట్టింది. “హేమా, వడ్డించు. ఆకు ముందు కూర్చోబెట్టి మనుషుల్ని ఆపకూడదు.” తర్వాత ఇటు తిరిగి, “తినండి గండయ్య గారూ,” అంది.

అయిదేళ్లలో ఆమె ఆయన్ను తమ్ముడూ అని తప్ప పిలవలేదు.

గండయ్య ఆకుకు చేతులు జోడించి లేచాడు. “మాఫ్ చెయ్యుండ్రి అమ్మా.” వాళ్లను ఎవరూ ఆపలేదు. గేటు దాకా ఎవరూ రాలేదు.

ఎండ నెత్తి మీద ఉంది. కొత్త ప్లాట్ల ప్రహరీగోడ పక్కన గండయ్య స్కూటీ ఆపాడు. దిగలేదు, వెనక్కి తిరగలేదు.

“ఒక్క ఫోన్ జేస్తే అయిపోతుండె గద బిడ్డా.”

అశ్రిత వెనక సీటు అంచు పట్టుకుంది.

“నేను ఖాళీగనే ఉంటి. వ్యాన్ నీడకు కూసోని నాలుగు గంటలు ఖాళీగ ఉంటి. సంచుల మీద పేర్లు రాసుండె. ఒక్కొక్కటి సూస్తే దొరుకుతుండె.”

మళ్లీ స్కూటీ తీశాడు.

ఇంటి దగ్గర రాధమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. “ఏం పెట్టిన్రు?” అని అడగబోయి, ఇద్దరి మొహాలూ చూసి లోపలికి పోయి అన్నం గిన్నె దించింది. రెండు కంచాల్లో అన్నం, పచ్చిపులుసు పెట్టింది. అశ్రిత కంచం ముందు కూర్చుంది కానీ చెయ్యి కడగలేదు. గండయ్య ఇంకా గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. చావింటికి పోలేదు కాబట్టి ఇవాళ అక్కడ బకెట్ లేదు. దాని చోటు చూసుకుంటూ కాసేపు ఉండి, లోపలికి వచ్చాడు.

దుకాణం ఫోను మోగింది. గండయ్యే ఎత్తాడు.

“ఆఁ, జెప్పుండ్రి. యాడ?... ఎప్పుడు పోయిండు?... పేరేంది?” విని, ఆగాడు. “అది గాదన్నా. ఇంట్ల ఏమని పిలుస్తరు? వాళ్లమ్మ ఏమని పిలుస్తుండె?”

అవతల ఎవరో ఏడుస్తూ చెబుతున్నారు. గండయ్య ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చేత్తో పుస్తకం, పెన్ను అశ్రిత ముందు పెట్టాడు. ఆమె వైపు చూడలేదు.

ఆయన చెప్పిన రెండు పేర్లూ ఆమె రాసింది. రెండోదాని కింద గీత కొట్టింది.