కంచె పక్కన ట్రెయిలర్

గోవిందసామి అద్దంలో చూస్తూ పికప్‌ను వెనక్కి పోనిస్తున్నాడు. దానికి తగిలించిన ఖాళీ ట్రెయిలర్ వంకర తిరిగి కంచెకు ఆనబోయింది.

"ఆగండి. ముందుకి పోయి మళ్ళీ రండి," అంది అతని భార్య ప్రభ. చలికోటు మీద శాలువా కప్పుకుని మెట్ల దగ్గర నిలబడి ఉందామె. రెండు మాటలకే ఆయాసం వస్తోంది.

కెనడాలోని ప్రిన్స్ జార్జ్‌లో చెడిపోయిన కార్లను ఆ ట్రెయిలర్ మీద మెకానిక్ షెడ్లకు చేరవేయడమే అతని పని. ఫిజీలో చెరకు లారీలు నడిపినవాడే. ముందుకెంత దూరమైనా పోగలడు. ట్రెయిలర్‌ను వెనక్కి పెట్టడం మాత్రం ఇన్నేళ్ళకీ పట్టుబడలేదు. అందుకే ప్రభ ఎప్పుడూ పక్క సీట్లో వచ్చేది. దిగి, వెనక నిలబడి దారి చెప్పేది. ఆమె గుండె బలహీనపడ్డాక, తిన్నగా వెళ్ళి తిన్నగా బయటపడగలిగే చోట్లకే అతను ఒప్పుకుంటున్నాడు.

"ఎడమకి... ఇంకా... చాలు."

ట్రెయిలర్ కుదురుకుంది. గోవిందసామి పికప్‌ను విడదీశాడు. చలికాలమంతా కదలని ట్రెయిలర్ మీద టార్పాలిన్ కప్పి తాళ్ళతో కట్టాడు. మంచు కరిగితే నీళ్ళు నిలవకుండా ముందు భాగాన్ని జాకీతో కాస్త ఎత్తాడు. టైర్ల మీద బరువు తగ్గించాలని దుంగలు తీసుకుని వెల్లకిలా కిందికి దూరాడు. నేల చల్లదనానికి నడుం పట్టేసింది. ప్రతి ఏడాదీ ఇదే పని; ఈసారి దుంగలు బరువెక్కినట్టున్నాయి.

చక్రం పక్కన ప్రభ బూట్లు కనిపించాయి.

"చలిలో ఏం చేస్తున్నావు? లోపలికి పో."

"పోతాలెండి. టీ పెడతా. త్వరగా రండి."

త్వరగా తెమల్లేదు. అతను చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళేసరికి కెటిల్‌లో నీళ్ళు చల్లారిపోయాయి. ప్రభ సోఫాలో కూర్చునే ఉంది, బూట్లయినా విప్పకుండా. చల్లబడ్డ ఆమె చెయ్యి పట్టుకుని, అంబులెన్సు వచ్చేదాకా పక్కనే కూర్చున్నాడు.

ఏప్రిల్‌లో ఒక మెకానిక్ ఫోన్ చేశాడు, కారు తేవాలని. "వెనక్కి పెట్టే చోటైతే రాలేను," అన్నాడు గోవిందసామి. అయినా బయటికొచ్చి టార్పాలిన్ తాళ్ళు ఒక్కొక్కటే విప్పసాగాడు. నాలుగో మూల దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆ రోజు అక్కడ తాడు కొక్కేనికి అందకపోతే తర్వాత చూద్దామని వదిలేశాడు, మళ్ళీ ఆ ఊసే గుర్తు రాలేదు.

పొట్టి తాడు చివరను ట్రెయిలర్ కొక్కేనికి కలుపుతూ, చలికాలమంతా మంచు కింద నాని వెలిసిపోయిన ప్రభ జడ రిబ్బను, రెండు ముళ్ళతో గట్టిగా కట్టి ఉంది.