గంగామణి చెప్పిన ఎరుపు

బాన్సువాడలో ఫోటో స్టూడియో నడిపే పండరికి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు. నవ్వకండి. పెళ్లిళ్లకీ, పుట్టువెంట్రుకలకీ, చీర కట్టించే ఫంక్షన్లకీ ఊళ్లో సగం మంది పిలిచే ఫోటోగ్రాఫర్ గురించే చెబుతున్నాను. పుట్టుకతో వచ్చిన లోపం. పండు మిరపకాయనీ పచ్చి మిరపకాయనీ పక్కపక్కన పెడితే అతనికి రెండూ ఒకే మట్టి రంగు. ఈ సంగతి భూమ్మీద ఒక్క గంగామణికే తెలుసు. ఆమె అతని భార్య.

అతను ఫోటోలు తీస్తాడు, ఆమె రంగులు దిద్దుతుంది. ఇదీ వాళ్ల స్టూడియో గుట్టు. మద్నూర్లో పుట్టింట్లో బీడీలు చుడుతూ పెరిగిన పిల్ల, పెళ్లయ్యాక కంప్యూటర్ ముందు కూర్చుని మౌస్ పట్టడం నేర్చుకుంది. ఏ పెళ్లికూతురి చీర ఎంత ఎర్రగా ఉండాలో, ఏ పెళ్లికొడుకు మొహం మీద పసుపు ఎంత తగ్గాలో ఆమె కళ్లకు తెలుసు. రంగులంటే పండరన్నవే రంగులని గిరాకీలు మెచ్చుకుంటుంటే ఆయనగారు మీసం దువ్వుకునేవాడు. ఆమె తల వంచుకుని పని చేసుకుంటూ లోలోపల నవ్వుకునేది. నలుగురికీ తెలిస్తే కొట్టు మూసుకోవాల్సిందేనని అతనికి గుండెలో దడ. ఆ దడ కోసం ఆమె కన్నతల్లి దగ్గర కూడా నోరు విప్పలేదు.

ఆమెకి తెలిసింది పెళ్లైన కొత్తలో. ఆకు రాలే కాలం. శివరాత్రి దాటి ఎండలు ముదురుతున్న రోజులు. గాంధారి వైపు రోడ్డు పక్కన అడవిలోకి బండి మీద తీసుకుపోయాడు, కొత్త పెళ్లాం ముందు కెమెరా పనితనం చూపించుకోవాలని. టేకాకులు ఎండి గలగలమంటున్నాయి. మోదుగులకి ఒక్క ఆకు లేదు, ఒళ్లంతా పూలే. పాత ఆకు దులుపుకున్న ఇప్పచెట్లు ఎర్రెర్రగా చిగురు తొడుగుతున్నాయి. గంగామణి బండి ఆగకముందే దూకి, ఓయమ్మా ఎంత ఎర్రగుందో చూడమని చిన్నపిల్లలా చెయ్యి చాపింది. అండ్ల ఏముంది, ఆకులే గదా అన్నాడు పండరి.

ఆమె అతని మొహంలోకి చూసింది. కింద పడ్డ మోదుగు పువ్వొకటి, పచ్చి ఆకొకటి ఏరి తెచ్చి, ఏది ఏ రంగో చెప్పమంది. అతను చెప్పలేకపోయాడు. ఇంకొకరైతే పగలబడి నవ్వేవారు, లేదా నా బతుకిట్లా అయిందేమని ఏడ్చేవారు. గంగామణి రెండూ చెయ్యలేదు. ఎండాకుల మీద కూలబడి కాసేపు ఆలోచించింది.

"పొయ్యిల నిప్పులు ఆరినంక బూడిద మీద చెయ్యి పెడితే గోరువెచ్చగ ఉంటది జూడు, ఇప్ప చిగురు ఎరుపు గట్లుంటది," అంది. "గీ మోదుగు పువ్వేమో, నాలుక మీద కారం పడ్డట్టు. ఇప్పుడు సమజైందా?"

సమజైంది. పుట్టి బుద్ధెరిగాక అతనికి ఎరుపంటే ఏమిటో ఎవరైనా చెప్పారంటే అదే మొదలు. ఆ రోజు నుంచి పండరికి ఆమె అంటే ప్రాణం.

ఆ తర్వాత ప్రతి ఏడూ ఆకు రాలే కాలంలో ఒక రోజు స్టూడియోకి తాళం వేసి అడవికి పోయేవారు. పిల్లల్లేరు. వాళ్లకదే పండుగ. అతను ఫోటో తీయడం, ఆమె రంగు చెప్పడం. రాలబోయే తునికాకు ఎరుపు, చలి జ్వరం మొదలైనప్పుడు చెవుల్లో వచ్చే వేడట. ఓ పేరు తెలియని చెట్టు ఎరుపు, అలిగిన మొగుడు అన్నం దగ్గరకొచ్చి కూర్చున్నట్టుందట. అదేం రంగు అని అతను అడిగితే, అద్దంలో చూసుకొమ్మనేది. అవి ఎవరికోసమూ తీసిన ఫోటోలు కావు. ఎవరికీ అమ్మలేదు, చూపించలేదు.

కిందటేడు ఇప్పచెట్టు కింద ఆమెనే నిలబెట్టి ఒక ఫోటో తీశాడు. తల నిండా చిగురు, నుదుటి మీద రూపాయి బిళ్లంత బొట్టు, మొహం నిండా నవ్వు. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూసుకుని, చిగురు జర సప్పగా పడిందనీ, తీరిక చిక్కినప్పుడు ఎరుపు పెంచుతాననీ అంది. పెళ్లిళ్ల సీజను, తీరిక చిక్కలేదు. వానలు పడ్డాక జ్వరం వచ్చింది. నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోయేసరికే మనిషి సగమైంది. నడిచి లోపలికి పోయిన గంగామణిని తెల్లగుడ్డ కప్పి బయటికి తెచ్చారు. ఏం జన్మ అండీ ఇది!

దినాలకు హడావుడిగా ఆధార్ కార్డు మీది ఫోటోనే పెద్దది చేయించి పెట్టారు. అందులో ఆమె ఎవరో కేకలేస్తే బెదిరిపోయినట్టుంది. పండరి ఆ ఫోటో వైపు కన్నెత్తి చూడలేదు.

మళ్లీ ఆకు రాలే కాలం వచ్చింది. అతని దుఃఖంతో దానికేం పని? ఈసారి కెమెరా భుజాన వేసుకుని ఒక్కడే పోయాడు. అడవంతా పాత గోనెసంచిలా ఉంది. మోదుగు మోదుగులా లేదు, ఇప్ప ఇప్పలా లేదు. ఇన్నేళ్లూ రంగులు తానే చూస్తున్నాననుకున్నాడు పిచ్చివాడు. చూసింది ఆమె, విన్నది తను. పక్కన చెప్పే గొంతు లేకపోయేసరికి మట్టి మిగిలింది. బండికి స్టాండు వేసి, దానికానుకుని వెక్కివెక్కి ఏడ్చి, ఒక్క ఫోటో కూడా తీయకుండా తిరిగొచ్చాడు.

అప్పుడే గట్టిగా అనుకున్నాడు. సంవత్సరికానికి ఆ ఇప్పచెట్టు ఫోటోనే గోడంత పెద్దది చేసి పెట్టాలి. సప్పగా పడిన ఎరుపు అందులోకి రావాలి. అదీ తన చేతులతోనే రావాలి. నిజామాబాద్ లాబ్‌లో ఇస్తే క్షణంలో దిద్ది ఇస్తారు, ఆమె పోయాక గిరాకీల ఫోటోలు అక్కడే దిద్దిస్తున్నాడు. కానీ గంగామణి రంగు ఇంకెవడో దిద్దడమా? ఆమెకు బాకీ పడ్డది అదొక్కటే అన్నట్టు పట్టుబట్టి కూర్చున్నాడు. రంగు మార్చడానికి ఆమె కంప్యూటర్ తెర మీద ఏ గీత పట్టుకుని జరిపేదో పక్కన కూర్చుని ఏళ్ల తరబడి చూశాడు. ఆ గీతనే పట్టుకుని ఒక పక్కకి లాగాడు. అది ఎటు లాగితే ఎరుపో, ఎటు లాగితే పచ్చో అతనికెలా తెలుస్తుంది? చాలనిపించేదాకా లాగాడు. ప్రింటు తీసి, ఫ్రేము కట్టించి, కొత్త తువ్వాల కప్పి ఉంచాడు.

సంవత్సరికం నాడు మద్నూర్ నుంచి అత్త సాయవ్వ, బావమరిది మహేందర్ వచ్చారు. చుట్టాలందరూ కూర్చున్నాక పండరి తువ్వాల తీశాడు. ఎవరూ మాట్లాడలేదు. ఎంత బాగుందో కదా, అందుకే మాటలు రావడం లేదనుకున్నాడు.

చెట్టంతా శ్రావణమాసంలోలా పచ్చగా ఉంది. మొహానికి పాచి పట్టింది. బొట్టు నల్లగా మాడిపోయింది.

"నా బిడ్డ పుణ్యస్త్రీగ పాయె," అంది సాయవ్వ. "బొట్టు నల్లగ ఎందుకు జేసినవ్ కొడుకా?"

మహేందర్‌కి కోపం ముక్కు మీదే ఉంటుంది. లేచి మీదికొచ్చాడు. మా అక్క మీద నీకేం పగ అని అడిగాడు. పండరి ఫ్రేమునీ చూశాడు, వాళ్ల మొహాలనీ చూశాడు. అప్పటికి తెలిసింది ఏం చేశాడో.

"నాకు ఎరుపు తెల్వది," అన్నాడు. "పుట్టినకాంచి తెల్వది. ఆమెనే చెప్పేది."

ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ అన్నం సరిగా తినలేదు. సాయవ్వ కుంకుమ తెచ్చి ఫ్రేము అద్దం మీద బొట్టు పెట్టి, అల్లుడి తల నిమిరి వెళ్లిపోయింది. మహేందర్ దిద్దని అసలు ఫోటోని పెన్‌డ్రైవ్‌లో వేయించుకుపోయాడు. నిజామాబాద్‌లో రంగు దిద్దించి, మళ్లీ ప్రింటు చేయించి, అలాంటి ఫ్రేమే కట్టించి, వారం తిరక్కుండా స్వయంగా పట్టుకొచ్చాడు. పాతదాని పక్కనే గోడకి ఆనించాడు.

"ఎరుపు వచ్చిందా?" అని అడిగాడు పండరి.

"మంచిగొచ్చింది బావ. ఇప్పుడు అక్క లెక్కనే ఉంది."

"చిగురు ఎట్లాంటి ఎరుపున్నది?"

మహేందర్ మంచివాడే. చెప్పాలనే చూశాడు. కాసేపు ఫోటో వైపు, కాసేపు బావ వైపు చూసి తల గోక్కున్నాడు.

"ఎరుపంటే ఎరుపే బావ. ఇగ ఎట్ల చెప్పాలె?"

బస్సుకు టైమవుతోందని వెళ్లిపోయాడు. పండరి గోడకు మేకు కొట్టాడు. దుమ్ము పడిందని రెండు ఫ్రేములూ తడిగుడ్డతో శుభ్రంగా తుడిచాడు. పాతదాని మీది కుంకుమ కూడా పోయింది. తుడిచి ఎక్కడివక్కడ పెట్టాడో, అటుదిటు ఇటుదటు పెట్టాడో గుర్తు లేదు. దగ్గర నుంచి చూశాడు, దూరం నుంచి చూశాడు, వాకిట్లోకి తెచ్చి ఎండలో చూశాడు. రెండింట్లోనూ అదే చెట్టు, అదే నవ్వు. ఒక దాంట్లో బొట్టు నల్లగా మాడి ఉంది, ఒక దాంట్లో గంగామణి ఉంది. ఏది ఏదో తెలియడం లేదు.

తెలియక తప్పు ఫోటో గోడకెక్కిస్తే, రోజూ దానికే దండం పెట్టుకుంటూ బతకాలి. ఆ మాట తోచగానే అతను వాకిట్లోంచి రోడ్డు వైపు చూశాడు.

ఎదురుగా మందుల దుకాణం ముందు వెంకట్రావు బండి దిగుతున్నాడు. కోటగిరి వైపు పొలాలున్న ఆంధ్రా రైతు. కిందటేడు కూతురి పెళ్లి ఫోటోలు పండరి చేతే తీయించి, రంగులు బ్రహ్మాండమని ఊరంతా చెప్పినాయన. పండరి రెండు ఫ్రేములూ చెరో చేత పట్టుకుని, లారీ కూడా చూసుకోకుండా రోడ్డు దాటాడు. దుకాణం ముందు నలుగురు తలలు తిప్పి చూశారు. చూడనీ అనుకున్నాడు. రెండు ఫ్రేములనూ ఆయన కాళ్ల దగ్గర నిలబెట్టాడు.

"వెంకట్రావు గారూ, నాకు ఎరుపు కనబడది," అన్నాడు. "జర చూసి చెప్పుండ్రి. గీ రెండిట్ల నా గంగామణి ఏది?"