గొర్ల దొడ్డిలో ఇనుప దేవుడు

పరమేష్ సార్ దగ్గర కబడ్డీ నేర్చుకునే పిల్లలకు ఒకటే కెటిల్‌బెల్. పైన పిడి ఉన్న ఇనుప గుండు అది. రెండు చేతులా పట్టుకుని, కాళ్ల సందులోంచి ఛాతీ దాకా ఊపాలి. వంతులవారీగా ఇంటికి తీసుకెళ్లి సాధన చేసి, సార్ ముందు తప్పు లేకుండా ఊపిన వాళ్లకే జిల్లా జట్టులో చోటు. మల్లికకు ఆ చోటు కావాలి. నిద్రలో కూడా ఊపుతోందంటే చూడండి, పక్కన పడుకునే చెల్లెలు మంచం మార్చేసింది.

తీరా సార్ పరీక్ష పెట్టే రోజు తెల్లారి లేచి చూస్తే, రాత్రి తను గొర్ల దొడ్డిలో మరిచిపోయిన గుండుకు పసుపు, కుంకుమ, పిడికి వేపమండ, ముందు కొబ్బరి చిప్పలు. జబ్బు చేసి మేత ముట్టని గొర్రె ఒకటి ఆ ఉదయమే మేసిందట. దొడ్డిలో కొత్తగా వెలిసింది ఈ నల్లనయ్యే కనుక మహిమ ఆయనదేనని అవ్వ నర్సింగమ్మ తేల్చేసింది. ముందురోజు డాక్టరు దానికి పొడిచిన సూదిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

అది సార్ వస్తువని మల్లిక మొత్తుకుంది. అవ్వ అంతా ఓపికగా విని, గుండుకు ఇంకో బొట్టు పెట్టింది.

"దేవున్ని కదిలియ్యాలంటే దేవుడే సెలవియ్యాలె బిడ్డా."

సెలవు అడగడానికి ఆ ఇంట్లో ఒకటే పద్ధతి. పొట్టేలు వీపున పసుపునీళ్లు పోయాలి. అది ఒళ్లు విదిలిస్తే దేవుడు ఒప్పుకున్నట్టు. బోరు వేయించినా, పిల్లను ఇచ్చినా ఇదే వరుస. కానీ నల్లగొండ ఎండల్లో చల్లటి నీళ్లు పడేసరికి పొట్టేలుకు ప్రాణం లేచొచ్చింది. కళ్లు మూసుకుని ఇంకా పోయమన్నట్టు నిలబడింది. మల్లిక దాని చెవిలో ఊదబోతే, దేవుడి దగ్గర దొంగాట కుదరదని అవ్వ గదమాయించింది. మల్లికకు ఏడుపొచ్చింది. ఏళ్ల తరబడి మోకాళ్లు చెక్కుకుపోయేలా ఆడి, చివరికి ఒక పొట్టేలు వల్ల ఆగిపోవడమా.

ఇంతలో మోటారుసైకిల్ మీద సార్ దిగాడు. సంగతి విని పకపకా నవ్వి, "జర జరుగుండ్రి" అంటూ గుండు మీదికి వంగాడు. నడుం వంచి బరువెత్తొద్దని పిల్లలకు పొద్దూమాపూ నూరిపోసే మనిషి, ఆ నవ్వులో పడి సరిగ్గా నడుమే వంచి లాగాడు. ఎక్కడో కలుక్కుమంది. పిడి పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే దేవుడి ముందు బోర్లా పడ్డాడు.

అవ్వకు ఆ భక్తి నచ్చింది. పొట్టేలు ఎలాగూ పలకడం లేదు కదా అని, చెంబులో మిగిలిన నీళ్లు సార్ వీపున గుమ్మరించింది. సార్ తల నుంచి కాళ్ల దాకా ఒళ్లు విదిలించాడు.

"సెలవైంది, ఎత్తు బిడ్డా."

మల్లిక ముందుగా సార్ వేళ్లు ఒక్కొక్కటే విడిపించింది. తర్వాత గుండు పట్టి ఊపింది. నడుం నిటారుగా, బలమంతా తుంట్లలోంచి, ఊపు మీద ఊపు. చెంప గొర్రె పెంటికల్లో ఆనించి పడుకున్న సార్‌కు ఆమె పాదాలు తప్ప ఏమీ కనబడడం లేదు. అయినా గురువు గురువే.

"మడిమెలు లేస్తలేవు, తప్పు లేదు," అన్నాడు మూలుగుతూ. "నువ్వు టీముల ఉన్నవ్. ఇగ నన్ను దవాఖానకు తీస్కపో."

గుండును దించి, జబ్బు చేసిన గొర్రెను మోసినట్టు సార్‌ను మెడ మీద వేసుకుని మల్లిక రోడ్డు వైపు నడిచింది. ఎంత ఆనందమంటే, గంతులేయాలనిపించింది. భుజాల మీద సార్ ఉన్నాడని ఆగింది.