బొమ్మల కోసం ఏడుపు

రక్తం లేదు, మాంసం లేదు, ఎవడో జపానువాడు కంప్యూటర్లో గీసి వదిలిన బొమ్మ, మొహంలో సగం కళ్ళే, ఆ బొమ్మ చచ్చిందని ఇది ఏడుస్తోంది, తన కూతురు, పదిహేనేళ్ళ ఐశ్వర్య, పక్క సీట్లో కిటికీకి ఆనుకుని, ఒళ్ళో ఫోను పెట్టుకుని, చెవుల్లో వైర్లు దూర్చుకుని, ముక్కు ఎగబీల్చుకుంటూ, చున్నీ చివర తడిసి ముద్దయ్యేలా, బస్సంతా ఇటే చూస్తోంది, చూడదా మరి, తిరుపతి బస్టాండులో ఎక్కినప్పటినుంచీ ఇదే తంతు, కండక్టరైతే మిషన్ నొక్కుతూ ఒకసారి పిల్లనీ ఒకసారి ప్రశాంతినీ చూసి, తల్లి కొట్టిందేమో అన్నట్టు మొహం పెట్టాడు, కొట్టలేదయ్యా, కొట్టి ఉంటే బాగుండేది, కొడితే కనీసం ఒక కారణమైనా ఉండేది, రేణిగుంట దాటింది, ఎండ ఎడమ భుజం మీద కాలుస్తోంది, జడలో పెట్టుకున్న కనకాంబరాలు వాడిపోయి మెడకు గీసుకుంటున్నాయి, పీకి కిటికీలోంచి పారేద్దామంటే వీల్లేదు, కాళహస్తిలో ఇంటి గుమ్మం ఎక్కేటప్పుడు ఆ పూలు ఉండాలి, నవ్వు కూడా ఉండాలి.

పొద్దున ఈ కళ్ళు ఏమయ్యాయి, అదే అడగాలని ఉంది ఈ పిల్లని, పెదనాయన మునిరత్నం ఇంట్లో, హాల్లో అమర్‌నాథ్ ఫొటోకి దండ వేసి, మాసికం పెడుతుంటే, ఆడవాళ్ళందరూ ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడుస్తుంటే, ఇది మూల స్టూలు మీద కూర్చుని గోళ్ళు చూసుకుంది, సొంత మేనమామ, ఎత్తుకుని పెంచినవాడు, సైకిలు నేర్పినవాడు, ఒక్క చుక్క, ఒక్కటంటే ఒక్క చుక్క రాలలేదు, పెద్దమ్మ విస్తట్లో వడ వేస్తూ వేస్తూ అననే అంది, ఏం ప్రశాంతీ, నీ కూతురిది రాతిగుండె మా, అంత ప్రేమగా సూసుకున్యాడే వాడు అని, ఆ వడ ఆకులోనే వదిలేసి చెయ్యి కడుక్కుంది ప్రశాంతి, ఇప్పుడేమో ఏర్లు పారుతున్నాయి, అత్త చచ్చిన ఆర్నెల్లకు కోడలి కంట నీరు కారిందన్నట్టు, కాదు, ఆ కోడలే నయం, ఆలస్యంగానైనా అత్తకోసమే ఏడ్చింది, ఇది బొమ్మల కోసం, ఊరూ పేరూ లేని బొమ్మల కోసం.

అవతలి సీటులో బుట్ట పెట్టుకున్న ముసలామె ఇక ఆగలేకపోయింది, ఏమాయ మా పాపకి, అంతగా ఏడస్తా ఉండాది, ఎవురన్నా పోయినారా అంది, ఎవరన్నా పోయారా అన్న మాట వినగానే ప్రశాంతి నోటికి అబద్ధం దానంతటదే వచ్చింది, ఈ మధ్య అబద్ధాలకు ఆలోచన అక్కర్లేకుండా పోయింది, పంటి డాక్టర్ దగ్గరికి పోయొస్తా ఉండామవ్వా, క్లిప్పు బిగించినారు, నొప్పి, అంది, ముసలామె అయ్యో తల్లీ లవంగం పెట్టుకోమంది, అబద్ధం మొత్తం అబద్ధమూ కాదు, పళ్ళకి క్లిప్పు ఉంది, నెలనెలా బిగించుకోవాలి, ఆ వంక ఉండబట్టే కదా నెలనెలా తిరుపతి వెళ్ళి, తమ్ముడికి పిండం పెట్టించి, చీర మార్చుకుని, బస్టాండులో మూర పూలు కొని జడలో తురుముకుని, ఏమీ జరగనట్టు అమ్మ ముందుకు వెళ్ళగలుగుతోంది, దినం తిన్న నోటితో పూలు పెట్టుకునే ఆడది ఈ జిల్లాలో ఇంకెవరైనా ఉందా, ఉండదు, ప్రశాంతి ఒక్కతే ఉంటుంది, వైరు పట్టి లాగింది, ఒక చెవిలోంచి ఊడి వచ్చింది, ఏమే అది, ఏముండాది దాంట్లో, మామ ఫొటో ముందర రాని ఏడుపు ఆ బొమ్మ ముందర ఎట్లొస్తా ఉండాది, సెప్పు.

చెప్పింది, మొహం తిప్పకుండానే, కిటికీ అద్దానికి చెప్పినట్టు, వాళ్ళు సీక్రెట్ ఏజెంట్లు మా, అందరూ నా వయసు పిల్లలే, పైకి మాత్రం సముద్రం పక్కన ఇస్త్రీ అంగడిలో పని చేస్తా ఉంటారు, ఒకమ్మాయికి పుట్టినరోజు కూడా సొంతది కాదు, ఆఫీసోళ్ళు ఇచ్చిన తేదీ, ఆ తేదీకే కేకు కోసుకుంటాది, ఇంగో అమ్మాయి మొహం మార్పించుకుని సొంతూరికి పోతే పెంచిన కుక్క గుర్తు పట్టక మొరగతాది, ఇప్పుడు వాళ్ళల్లో చిన్నపిల్ల వంతెన మీద చచ్చిపోయింది, ఆ కబురు ఇంగో పిల్లకి చెవి కమ్మలో వినిపిస్తాది, అప్పుడు ఆ పిల్ల శత్రువుల ఇంట్లో టీ పోస్తా ఉంటాది, చెయ్యి వణకకూడదు, ఏడవకూడదు, ఏడిస్తే తెలిసిపోతాది, నవ్వతా పోస్తాది మా, ఇంతే, ఇంతేనట, దీనికి బస్సులో పరువు తీసింది, ప్రశాంతి ఫోను లాక్కుని చూసింది, నిజమే, బొమ్మపిల్ల నవ్వుతోంది, కప్పు నిండుతోంది, తర్వాత ఎక్కడో చీకటి గదిలో బూడిదరంగు కోటు వేసుకున్న ఆడది, పొట్టి జుట్టు, మైకులో ఏదో చెప్తోంది, ఎవరే ఈమె, వీళ్ళ బాసు మా, ఏడవొద్దు నవ్వు అని చెప్పేది ఈమే, ప్రశాంతికి ఒళ్ళు మండింది, దీని మొహం మండ, ఇదేం ఆడది, పసిపిల్లల్ని ఇంకొకరి కొంపల్లోకి తోలి, తాను గదిలో కూర్చుని నవ్వమంటుందా, కన్నదై ఉంటే తెలిసేది, దీన్ని తన్నేవాళ్ళు లేరా ఆ దేశంలో అని పైకే అనేసింది, ఐశ్వర్య ఒక్క క్షణం తల్లి జడలోని పూల వైపు చూసి, మళ్ళీ అద్దం వైపు తిరిగింది.

ఎందుకు చూసింది అట్లా, ఏం చూపది, నోరు ఉన్నవాళ్ళతో వేగవచ్చు గానీ చూపులతో వేగలేం, తనకేమన్నా సరదానా ఇదంతా, ఆ రోజు ఆసుపత్రిలో అమ్మ శకుంతలమ్మకి గుండెలో స్టెంటు వేసి ఐసీయూలో పడుకోబెట్టారు, తలుపు ఇవతల కుర్చీల్లో తామిద్దరు, ఫోను మోగింది, అమర్‌నాథ్ షిఫ్టు దిగి బండి మీద వస్తుంటే సత్యవేడు రోడ్డులో లారీ, ఇక చెప్పేదేముంది, పిల్ల కేక పెట్టబోయింది, ప్రశాంతి అరచేత్తో దాని నోరు మూసింది, గట్టిగా, క్లిప్పు తీగలు పెదవికి గుచ్చుకుని రక్తం వచ్చేంత గట్టిగా, మూయకపోతే ఏమయ్యేది, లోపల అమ్మ వినేది, కొడుకుతో పాటే పోయేది, అవునా కాదా, అందరూ అదే అన్నారు, చిత్తూరు నుంచి పరుగెత్తుకొచ్చిన మొగుడు నరేంద్ర అదే అన్నాడు, మునిరత్నం పెదనాయన అదే అన్నాడు, తెలిస్తే శకుంతల బతకదప్పా, ఎవురూ నోరు ఇప్పబాకండి అని, కంపెనీవాళ్ళు తైవాన్ పంపారని, అక్కడ ఫోన్లు మాట్లాడనివ్వరని, మెసేజీలు మాత్రం పెడతాడని కథ కట్టింది తనే, కథ కట్టగానే సరిపోతుందా, రోజూ దానికి కూడు పెట్టాలి, అమ్మది బటన్ ఫోను, అమర్‌నాథ్ ఎప్పుడూ అమ్మకి చెప్పాల్సింది ఐశ్వర్య వాట్సాపుకే గొంతు రికార్డు చేసి పంపేవాడు, మూడునాలుగేళ్ళ మాటలు అందులో పడి ఉన్నాయి, సాయంత్రం దీపం పెట్టే వేళకి పిల్ల ఒకటి వెతికి తీస్తుంది, అమ్మా, తిన్యావా, మాత్ర ఏసుకున్యావా, ఈడ వాన పడతా ఉండాది, అని చచ్చినవాడి గొంతు పలుకుతుంది, అమ్మ కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని, ఆ ఊర్లో రోజూ వానేనా అంటుంది.

భలే పిల్ల, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి, పండగ పేరు వచ్చే మాట తీయదు, జీతం ఊసు వచ్చేది తీయదు, ఒకసారి మాత్రం గొంతు వెనకాల కండక్టర్ సత్యవేడు సత్యవేడు అని అరిచింది వినబడిపోయింది, అమ్మ చెయ్యి గాల్లో ఆగింది, ఏమే, తైవాన్లో కూడా సత్యవేడు ఉండాదా, ప్రశాంతికి వంటింట్లో గరిటె జారింది, పిల్ల రెప్ప కూడా ఆర్పలేదు, మామ పక్కన ఉండేది సత్యవేడు అబ్బాయే అవ్వా, ఇంటి మీద బెంగ పెట్టుకుని అట్లా అరస్తా ఉంటాడంట, అని నవ్వింది, అమ్మా నవ్వింది, తర్వాత వంటింట్లోకి వస్తే ప్రశాంతి దాని వీపు తట్టి, అదరగొట్టినావే అంది, అంది కదా, మెచ్చుకుంది కదా, తల్లి మెచ్చుకుంటే పిల్లకి చాలదా, ఆ రాత్రి అన్నం వద్దంది, ఎందుకని ఎవరు అడిగారు, పళ్ళు నొప్పి అంది, పళ్ళే అనుకుంది ప్రశాంతి.

ఏర్పేడు వచ్చింది, కాలేజీ పిల్లలు బ్యాగులతో ఎక్కారు, నవ్వుకుంటూ తోసుకుంటూ, ఏం కడుపు నిండిన నవ్వులో, ఇంకెంతసేపు, దిగగానే అమ్మ గుమ్మంలోనే ఉంటుంది, డాక్టర్ ఏమన్యాడు పంటికి అని అడుగుతుంది, చూడు ఐశూ, కళ్ళు తుడుచుకో, ఆడ మొహం కడుక్కుని పోదాం, ఈ పూట మామది కొంచెం పెద్ద మెసేజ్ పెట్టు, రెండు దినాలుగా అవ్వ దిగులుగా ఉండాది, అంది ప్రశాంతి, పిల్ల ఫోను ఆపేసింది, బొమ్మలు ఆరిపోయాయి, ఇంగ లేవు మా అంది, ఏంటికి లేవు, అన్నీ అయిపోయినాయి, వినిపించిందే మళ్ళీ వినిపిస్తా ఉండా, అవ్వకి తెలిసిపోతాది, సరిగ్గా ఎతుకు, ఎతికినా మా, ఉండేది ఒక్కటే, అది అవ్వకి వినిపించకూడదు, ఎందుకు వినిపించకూడదు, ఇటియ్యి నేను ఇంటా, అని మొండిగా వైరు చెవిలో పెట్టుకుంది, పిల్ల వద్దనలేదు, నొక్కింది, ఐశూ, షిఫ్టు అయిపోయినాది, బయల్దేరతా ఉండా, నేరుగా ఆసుపత్రికే వస్తా, మీ అమ్మకి చెప్పు, నీకేం తీసకరావల్ల, వెనకాల బండి స్టార్టయిన చప్పుడు, అంతే.

వైరు చెవిలోంచి పీకేసింది ప్రశాంతి, ఎప్పుడే ఇది, ఆ దినమే మా, ఫోను రాకముందు, నాకు సెప్పలేదేం, ఎప్పుడు సెప్పల్ల మా, అంది పిల్ల, నోరు మూసినావు గదా అని మాత్రం అనలేదు, అంటే బాగుండేది, అంటే తిరిగి ఏదో ఒకటి అని గెలిచి ఉండేది తను, రోజూ ఇంటా ఉండావా ఇది, ఇనాలని కాదు మా, ఆ చాట్ తెరస్తే కింద ఇదే ఉంటాది, దీన్ని దాటుకునే గదా పైకి పోవల్ల, పాతవి ఎతికేదానికి, అంది పిల్ల, ఇంగ్లీషు పాఠం అప్పజెప్పినట్టు, గొంతులో ఏ తడీ లేకుండా, అదే గొంతు ఇంతకుముందు కుక్క మొరిగిందని చెప్తూ వణికింది, కుక్క కోసం వణికిన గొంతు మామ కోసం వణకలేదు, ఎందుకు వణకలేదు, ఎందుకంటే మామ కోసం వణికితే తల్లి చెయ్యి నోటి మీదకి వస్తుంది, బొమ్మల కోసం ఏడిస్తే తల్లి తిడుతుంది, అంతే కదా, తిట్లే కదా, తిట్లు పడుతూ ఏడవచ్చు, బస్సు నిండా జనం ఉన్నా ఏడవచ్చు, పిచ్చిపిల్ల, కార్టూనుకి ఏడుస్తోంది అనుకుంటారు, ఎవరికీ అనుమానం రాదు, తల్లికి కూడా రాలేదు, ఎంత బాగా నేర్చుకుంది పని, ఎవరు నేర్పారు.

ప్రశాంతి కోపం కోసం వెతుక్కుంది, ఇంతసేపు కొంగు నిండా ఉన్న కోపం, ముసలామె మీద, కండక్టర్ మీద, పెద్దమ్మ వడ మీద, ఎవరి మీదా నిలవలేదు, పోయిన వారం అమ్మ చెకప్పులో డాక్టరమ్మ అన్న మాట, ఎవరికీ చెప్పకుండా తాను మింగేసిన మాట పైకి వచ్చింది, ఆమె గుండె ఇప్పుడు బాగానే ఉందమ్మా, మీరు పక్కన కూర్చుని మెల్లిగా చెప్పండి, ఎన్నాళ్ళు దాస్తారు, కొడుకు కోసం ఏడ్చే హక్కు ఆమెకి లేదా, అంది ఆవిడ, సరే మేడమ్ అని ఫైలు సంచిలో పెట్టుకుని బయటికి వచ్చి, నరేంద్ర అడిగితే, ఇంకా వీక్ గానే ఉందన్నారు అని చెప్పింది, ఎందుకు చెప్పింది అట్లా, మొగుడికి కూడా ఎందుకు అబద్ధం, స్వర్ణముఖి ఇసుక కనబడుతోంది, ఇంకాసేపట్లో గుమ్మం, అమ్మ, పంటికి డాక్టర్ ఏమన్యాడు అనే ప్రశ్న, ఐశూ, అంది ప్రశాంతి, ఏం మా అంది పిల్ల, ఈ పూట నువ్వు ఆ ఫోను తియ్యబాక, అవ్వకి నేను చెప్తా, పిల్ల అప్పుడు తిరిగి చూసింది, నమ్మకుండా, నిజంగానా అని అడగకుండా, పెదవులు బిగబట్టి, చేతిలో ఫోను బొమ్మలు లేకుండా నల్లగా ఉంది, దాని మొహం వంకర పోయి, ఏ అడ్డూ లేకుండా, మామా అని ఏడ్చింది, బస్సంతా తిరిగి చూసింది, ప్రశాంతి చెయ్యి ఆ నోరు మూయడానికి లేవలేదు, ఒళ్ళోనే ఉండిపోయింది, దాచింది అమ్మ గుండె ఆగుతుందని కాదు, ఆ మాట తన నోటితో అన్న క్షణాన తమ్ముడు నిజంగా పోతాడని, ఆ ఒక్క భయానికి ఇన్నాళ్ళూ అమ్మ జబ్బు పేరు పెట్టుకుని, దాన్ని మోయడానికి ఇంట్లో అందరికంటే చిన్నదాన్ని తను వెతికి పట్టుకుందని ఆమెకు తెలిసిపోయింది.