ఊదారంగు మధ్యాహ్నం

మా మైలాపూర్ సంగీత నాట్య సభలో లైట్లు వేసే తంగదురైకి మనిషి ముఖమంటే పగ. కృష్ణుడి పాటైతే నీలం వేస్తాడు, అమ్మవారి పాటైతే ఎరుపు, విరహమైతే ఊదా. నాట్యంలో అన్నిటికంటే పెద్ద అంశం వర్ణం, అదంతా విరహమే కనుక సాగిన ముప్పావుగంటా నర్తకి వంకాయలా నిగనిగలాడుతుంది. కళ్లెక్కడో ముక్కెక్కడో నా కెమెరాకు తెలియదు. ఫ్లాష్ వాడకూడదని గోడమీద బోర్డు ఉంది. ఆ బోర్డు పెట్టించిన కార్యదర్శి శేషాద్రి మధ్యాహ్నం పూట హాల్లో కూర్చుని నాట్యం చూసిన పాపాన పోలేదు.

మధ్యాహ్నం నాట్యం ముప్పై దాటనివాళ్లకు. టికెట్ లేదు. ముందు వరుసలో నర్తకి చుట్టాలు, వెనక వరుసల్లో చల్లదనానికి వచ్చి కునుకు తీసే పెద్దలు. ఆ వేళకు కమిటీవాళ్లంతా సభ కాంటీన్‌లో అరిటాకుల ముందు ఉంటారు. మార్గళి, అంటే ధనుర్మాసపు కచేరీల సీజన్ అయ్యాక బల్ల చుట్టూ కూర్చుని, ఫొటోలు పరుచుకుని, వచ్చే ఏడు ఎవర్ని పేరున్నవాళ్లు ఆడే సాయంత్రానికి ఎక్కించాలో తేలుస్తారు. నాట్యాన్ని ఫొటో చూసి! పెళ్లిచూపులకైనా పిల్లను కాసేపు ఎదురుగా కూర్చోబెడతారు.

ఎళిలరసి రాయపురం పిల్ల. బడిలో డ్రాయింగ్ టీచరు. సంక్రాంతి పోతే ముప్పై నిండుతాయి. ఇక సాయంత్రమైనా దక్కాలి, లేదా ఈ సభ గడప మర్చిపోవాలి. ఇన్నేళ్లూ ఆమె ఫొటోలు నేనే తీశాను. అన్నీ ఊదావే.

"అక్కా, ఈసారైనా నా ముఖం పడుద్దా?" అంది గజ్జెలు కట్టుకుంటూ.

"వాడు బతకనిస్తే పడుద్ది" అని మెట్లెక్కి తంగదురై లైట్ల గదిలోకి వెళ్లాను.

"తంబీ, ఇవాళ ఒక్కరోజు తెల్ల లైటు వెయ్యరా."

"తెల్లదా? ఇదేమన్నా ఆస్పత్రా అక్కా? వర్ణానికి ఊదా వెయ్యకపోతే ఫీలింగ్ ఎట్టా వస్తది?"

"ఆమె ముఖంలో వస్తుందిరా."

"ముఖం వెనక సీట్లోళ్లకి కనబడదు. రంగు అందరికీ కనబడుద్ది."

వాడికి జవాబు చెప్పడం నా నోటికి అవమానం. దిగివచ్చి కెమెరా పట్టుకున్నాను.

ఇలాంటి వెలుగులో నాకు ఒకటే దారి. తాళం వేసుకుంటూ కూర్చోవాలి. జతి ముగిసి కాలు నేలకు తగలగానే ఒంట్లో కదలిక ఆగే రెప్పపాటు ఒకటుంటుంది. షట్టర్ ఎంత నిదానంగా ఉన్నా అక్కడ నొక్కితే బొమ్మ చెదరదు. నొక్కాను. చెదరలేదు. వంకాయ స్పష్టంగా పడింది.

వర్ణం తర్వాత సన్మానం. నర్తకి ఒగరుస్తూ పక్కన నిలబడాలి, ముఖ్య అతిథి మాట్లాడాలి. ఒక ఏడు ముఖ్య అతిథి పేపర్లో పచ్చగా పడి అలిగాడు. అప్పట్నుంచి కమిటీ తీర్మానం, ఆడేవాళ్లు ఏ రంగులో కాలినా సరే, మాట్లాడేవాళ్లకు మాత్రం తెల్ల లైటే. తంగదురై ఆ లైటు వేసి, ప్రసంగం అయ్యేదాకా కాఫీకి పోతాడు. ఈ తీర్మానం పుణ్యమా అని మా హాల్లో ముఖం కనబడేది ఉపన్యాసకుడిది ఒక్కడిదే. అక్కడే నాకు బుద్ధి వెలిగింది.

"తంబీ, కాంటీన్‌లో అరటిపువ్వు వడలు దించుతున్నారు. కమిటీ మామలందరూ మీదపడ్డారు, నీకు మిగిలితే చూసుకో" అన్నాను.

వాడు తెల్ల లైటు నొక్కి మాయమయ్యాడు. వేదిక ఎక్కబోతున్న ముఖ్య అతిథి, రిటైర్డ్ జడ్జిగారి చెవిన కూడా అదే మాట వేశాను. ఆయన నాట్యం దైవికమన్నాడు, ఎళిలరసిని ఎళిల్‌మతి అన్నాడు, గడియారం చూసుకుని దిగిపోయాడు. శేషాద్రి మూతి తుడుచుకుంటూ వచ్చి, ఆమెకు శాలువా కప్పుతూ నా కెమెరా వంక నవ్వి, వచ్చిన దారినే వెళ్లాడు.

తర్వాతి అంశం, అభినయమే ప్రధానమైన పదం మొదలైంది. లైటు తెల్లగానే ఉంది! తెల్లారాక ఇంటికొచ్చిన మగణ్ణి ఆవిడ గుమ్మంలోనే నిలబెట్టి, వచ్చిన చోటికే పొమ్మనే పాట. తెల్లగా కనబడాలని ఆమె నాట్యం టీచరు దట్టంగా పులిమిన పౌడరు చెమటకు కారిపోయింది. లోపల్నుంచి ఎళిల్ ముఖం వచ్చింది, నల్లగా, నిజంగా. పొమ్మంటూ ఆ కళ్లు ఉండమని బతిమాలాయి. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తీశాను.

పాట అయ్యేసరికి తంగదురై పరిగెత్తుకొచ్చాడు. "అయ్యో, తెల్లగా వదిలేశానే, ఆ పిల్ల ప్రోగ్రాం పాడైపోయిందే!" అని నిజంగానే బాధపడ్డాడు.

సీజన్ ముగిశాక కమిటీ ఫొటోలు తెమ్మంటే ఎళిల్‌ను వెంటబెట్టుకుని వెళ్లాను. బల్ల మీద ఊదా బొమ్మల మధ్య ఆ ఒక్క ముఖం ఉంది. శేషాద్రి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"ఎవరమ్మా ఈ పిల్ల? ఏం కళ్లు! ఇలాంటివాళ్లు మన సభకు ఎందుకు రారు?"

"నేనే సార్" అంది ఎళిల్.

ఆయన ఫొటో చూశాడు, ఆమెను చూశాడు. "నువ్వా? ఇక్కడ ఎప్పుడు చేశావు?"

"డిసెంబర్లో సార్. శాలువా మీరే కప్పారు."

సిగ్గుపడతాడేమోనని చూశాను. ఆశ! "మంచిది, మంచిది. సాయంత్రానికి రాయండయ్యా. బ్రోషర్ అట్ట మీద కూడా ఇదే వెయ్యండి. నీకోసం కొత్త రంగు లైట్లు తెప్పిస్తానమ్మా" అన్నాడు.

"తెల్ల లైటు చాలు సార్."

"నీకు తెలీదమ్మా. జనం రంగులే అడుగుతారు."

"ఏ జనం సార్? మీరు చూశారా?"

ఇచ్చింది లాగేసుకుంటాడని భయపడ్డాను. శేషాద్రి ఫొటోను మరోసారి చూసుకున్నాడు. అట్ట బాగుంటుందన్న ఆశ కోపాన్ని మింగేసింది. "సరే, తెల్లదే" అని గొణిగాడు.

బయటికి వచ్చాం. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. మెట్ల మీద ఆగిపోయింది.

"అక్కా, వర్ణం నేను పదం కంటే బాగా చేశాను. ఏళ్ల తరబడి చేశాను. అది మరి ఎవరు చూసినట్టు?"

"నేను చూశాను" అన్నాను. కానీ ఆ ముప్పావుగంటా నేను చూసింది కాలు ఎప్పుడు ఆగుతుందా అని మాత్రమే.