తపస్సుమాను మీద గొంతు బిళ్ళలు

పాకాలలో మందుల షాపు నడిపే మునికుమార్‌కు తన గొంతంటే మహా గర్వం. ఊళ్ళో ఏటా జరిగే భారతం ఉత్సవంలో అర్జునుడి వేషం అతనిదే. శివుడి కోసం తపస్సు చేసే రోజున, తపస్సుమాను అని పాతిన ఆకాశమంత స్తంభం ఎక్కుతూ పద్యాలు పాడతాడు, పైనుంచి నిమ్మకాయలు, పూలు విసురుతాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు తలస్నానం చేసి తడిబట్టలతో మాను చుట్టూ చేరి, అవి దొరికితే కడుపు పండుతుందని కొంగుల్లో పట్టుకుంటారు. జనమంతా వచ్చేది తన పద్యాల కోసమేనని మునికుమార్ నమ్మకం. పాపం, ఎవరూ కాదనలేదు. అవునని కూడా ఎవరూ అనలేదు.

ఈసారి సరిగ్గా తపస్సుకు ముందే గొంతు పట్టేసింది. కృష్ణుడి వేషం వేసే గంగాధరం పరుగున పరామర్శకు వచ్చాడు. ఎంత ప్రేమో! మాను కావాలంటే తానెక్కుతానని, పద్యాలన్నీ తనకు నోటికి వచ్చునని పదేపదే ఓదార్చాడు. ఒకసారి వేషం చెయ్యి జారితే మళ్ళీ దక్కదని ఇద్దరికీ తెలుసు.

దాంతో మునికుమార్ తన షాపులోని గొంతు బిళ్ళల మీద పడ్డాడు. ఇందులో ఉండేది అమైల్‌మెటాక్రెసాల్, గొంతులో క్రిముల్ని ఓ మోస్తరుగా చంపుతుంది, నొప్పి కాస్త తగ్గిస్తుంది, అంతేగానీ పోయిన గొంతును తెచ్చివ్వదని కొనేవాళ్ళకు రోజూ ఉపదేశించేది అతనే. ఆ ఉపదేశం అమ్మేవాడికి వర్తించదు కాబోలు.

తపస్సు రోజు అర్జునుడు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. నారింజ రుచి బిళ్ళ చప్పరించే అర్జునుణ్ణి శివుడు మెచ్చుతాడా అని భార్య రేవతి అడిగింది. మందు తింటే ఉపవాసం చెడదని శాస్త్రంలో ఉందన్నాడు మునికుమార్. ఏ శాస్త్రంలోనో చెప్పలేదు. బిళ్ళలన్నీ అట్టల్లోంచి ఊడదీసి, నిమ్మకాయల జోలెలోనే పోసుకొని మాను ఎక్కాడు.

సగం దాకా ఎలాగో నెట్టుకొచ్చాడు. మాను కొసకు చేరి శివుణ్ణి పిలిచే ఆఖరి పద్యం ఎత్తుకుంటే గాలి తప్ప మాట రాలేదు. కింద గంగాధరం మొహం వెలిగిపోవడం అంత ఎత్తు నుంచీ కనబడింది. గాభరాగా బిళ్ళ కోసం జోలెలో చెయ్యి పెట్టేసరికి జోలె ఒరిగి, నిమ్మకాయలూ పూలూ బిళ్ళలూ అన్నీ కిందికి రాలాయి.

కింద ఒకటే తోపులాట. సిద్ధమ్మ కోడలు నందిని కొంగులో ఒక బిళ్ళ పడింది. ఆమె దాన్ని కళ్ళకద్దుకొని నోట్లో వేసుకొని, తియ్యగా ఉందని పక్కామెతో చెప్పి ఏడ్చేసింది. పైన అర్జునుడు కాసేపు ఉత్త పెదాలు ఆడించి, పరువు పోయిందనుకుంటూ దిగి, ఎవరి మొహమూ చూడకుండా ఇంటికి పోయాడు.

మర్నాడు షాపు తెరిచేసరికి బిళ్ళలు దొరకని ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. నందిని కూడా వచ్చింది. మునికుమార్ ఆమెను పక్కకు పిలిచి, అది ప్రసాదం కాదమ్మా, గొంతు నొప్పి బిళ్ళ అని గుసగుసగా చెప్పాడు. అంతకు మించి గొంతు పెగలడం లేదు మరి.

"తెలుసన్నా. మా అత్తకు గొంతు నొప్పొస్తే నీ కాడే కొనింటిమి," అంది నందిని. "పైనుంచి పడింది వేరే."

అంతలో ఉత్సవం పెద్ద మునస్వామి వచ్చాడు. వేషం గంగాధరానికి ఇచ్చేశామని చెప్పడానికే వచ్చాడనుకొని మునికుమార్ ముందే తప్పు ఒప్పేసుకున్నాడు.

"ఆఖరి పద్యం పాడలేకపోయినాను పెద్దాయనా. మన్నించండి."

"పాడలేదా?" మునస్వామి నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మేమెవురూ గమనించలేదే. వచ్చే ఏడు కూడా నువ్వే ఎక్కప్పా. పద్యాలు మాత్రం రవంత తగ్గించు. ఆడోళ్ళు తడిబట్టల్తో ఎంతసేపని ఉంటారు?"

వేషం దక్కింది. మునికుమార్‌కు ఏడుపొక్కటే తక్కువ.