హేమమాలిని మేడం తప్పిన మాట

1997 జూలైలో, బడి తెరిచిన రెండో వారం, ప్రిన్సిపాల్ వాసుదేవరావు గారు జీవశాస్త్రం చెప్పే హేమమాలినిని తన గదికి పిలిపించారు.

"ఈ ఏడాది నుంచి పిల్లల కౌన్సిలర్ కూడా మీరేనమ్మా," అన్నారు. "వారానికి నాలుగు పీరియడ్లు తగ్గిస్తాను. మ్యాపుల గది ఖాళీ చేయిస్తాను. పిల్లలు మీ దగ్గరైతే నోరు విప్పుతారు."

ఆ మాట నిజమే. హేమమాలినికి ముప్పయ్యెనిమిదేళ్లు. ఆ ఊళ్లోనే ఖుర్సీపార్ బస్తీలో పుట్టి పెరిగింది. వాళ్ల నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి ఉక్కు కర్మాగారం కోక్ ఓవెన్స్‌లో పనిచేసి రిటైరయ్యాడు. వరండాలో ఎవరైనా పిల్ల ఒంటరిగా నిలబడి కళ్లు తుడుచుకుంటూ కనిపిస్తే చూడనట్టు దాటిపోవడం ఆవిడకి చేతకాదు. అందుకే సంతోషంగా ఒప్పుకుంది. రాయపూర్‌లో మూడు రోజుల శిక్షణకి కూడా వెళ్లొచ్చింది. అక్కడ విన్నవాటిలో గట్టిగా పట్టుకున్నది ఒక్కటే: పిల్లలు చెప్పింది బయటికి పొక్కకూడదు.

మ్యాపుల గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక నీళ్ల కుండ పెట్టారు. చుట్టచుట్టిన మ్యాపులు మూలనే ఉండిపోయాయి. మొదటి నెల వచ్చినవాళ్లంతా లెక్కల క్లాసు ఎగ్గొట్టడానికి వచ్చినవాళ్లే. ఆగస్టు దాటాక నిజంగా వచ్చేవాళ్లు మొదలయ్యారు. తండ్రి తాగొచ్చి కొడతాడని ఎనిమిదో తరగతి పిల్లాడొకడు. ఇంట్లో ఎవరూ తనతో మాట్లాడరని ఒక బెంగాలీ పిల్ల. తెలుగు పిల్లలు హిందీలో మొదలుపెట్టి, ఏడుపొచ్చే చోట తెలుగులోకి వచ్చేసేవారు. కుర్చీలో కూర్చోగానే ప్రతి ఒక్కరికీ హేమమాలిని ఒకే మాట చెప్పేది.

"నువ్వు చెప్పింది ఈ గది దాటదు. ఎవరికీ చెప్పను. ఒట్టు."

దీపావళి సెలవులకి ముందే అలా వచ్చినవాళ్లు నలభై మంది దాటారు. వాళ్లు తేలికపడి వెళ్లిపోయేవారు. వాళ్లు చెప్పినవన్నీ ఆవిడ దగ్గర ఉండిపోయేవి. స్టాఫ్ రూములో అడుగు పెడితే "మనసు డాక్టరమ్మ వచ్చింది" అని సరదాకి అనేవారు. లెక్కల టీచరు శ్రీలక్ష్మి ఒకసారి దగ్గరికొచ్చి, "ఏం చెప్తారే పిల్లలు అంతసేపు?" అని అడిగింది. "ఏవో చదువు గొడవలు," అని హేమమాలిని తప్పించుకుంది. భర్త సూర్యప్రకాష్ వైర్ రాడ్ మిల్లులో ఫోర్‌మన్. "ఏటి హేమా, మూడుసార్లు పిలిచినా పలకవు?" అంటే అతనికీ ఏమీ చెప్పలేదు. ఒట్టు పెట్టింది కదా. ఒకరోజు తొమ్మిదో తరగతిలో ముందురోజు చెప్పిన పాఠాన్నే మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. పావుగంట గడిచాక ముందు బెంచీ అమ్మాయి మెల్లిగా, "మేడం, ఇది నిన్ననే అయిపోయింది," అంది. పిల్లలెవరూ నవ్వలేదు. నవ్వి ఉంటేనే బాగుండేది అనుకుంది.

డిసెంబరు అర్ధ సంవత్సర పరీక్షల్లో పన్నెండో తరగతి మణిమాల ఫిజిక్స్ పేపరు మధ్యలో లేచి బయటికొచ్చేసింది. మర్నాడు తనంతట తనే మ్యాపుల గదికి వచ్చింది. సన్నగా, ఎప్పుడూ రెండు జడలతో ఉండే పిల్ల. క్లాసులో మొదటి ముగ్గురిలో ఒకతె. తండ్రి నరసింగరావు రైల్ మిల్లులో క్రేన్ ఆపరేటరు. సెక్టర్ 2లో క్వార్టరు.

"హాల్లో కూర్చోగానే గుండె దడ మొదలవుతాది మేడం," అంది. "పక్క బెంచీ వాళ్లకి వినబడిపోతాదేమో అనిపిస్తాది. ఊపిరి అందదు. చేతులు మొద్దుబారిపోతాయి. పెన్ను పట్టుకున్నానో లేదో కూడా తెలీదు."

"ఎన్నాళ్ల నుంచి?"

"దసరా ముందు నుంచి. ఇప్పుడు ఇంట్లో పుస్తకం తీసినా వస్తోంది. నాన్నకి నేను ఇంజనీరవ్వాలి. మా వాళ్లలో ఇంతవరకూ ఎవరూ అవ్వలేదు. పొద్దున్నే నాలుగింటికి లేచి నాకు టీ పెడతాడు మేడం, నేను చదువుకోవాలని." బల్ల వైపు చూస్తూ అంది. "ఒక్కోసారి అసలు పొద్దున్న లేవకుండా ఉండిపోతే బాగుణ్ణు అనిపిస్తాది. మీరు ఒట్టేశారు. అమ్మకి చెప్పకండి."

హేమమాలిని ఆ పిల్ల చేయి పట్టుకుంది. మాట్లాడింది. రోజూ వచ్చి కనబడమంది. ఎవరికీ చెప్పనని మళ్లీ మాటిచ్చింది.

ఆ తర్వాతి ఎనిమిది రోజులూ ఆవిడకి తిండి సహించలేదు. పొద్దున్నే బడికి రాగానే తన క్లాసుకి కాకుండా ముందు పన్నెండో తరగతి గుమ్మం దగ్గరికి వెళ్లేది. రెండు జడలు కనబడితే ఊపిరి పీల్చుకుని వెనక్కి తిరిగేది. చెప్పేద్దామా అనుకునేది. చెప్తే ఆ పిల్ల ఇంకెవరినీ నమ్మదేమో. చెప్పకపోతే ఏమవుతుందో. ఎవరినైనా అడగాలంటే అసలు విషయం చెప్పాలి. తిరిగి తిరిగి అక్కడికే వచ్చి ఆగిపోయేది.

తొమ్మిదో రోజు శనివారం. రెండు జడలు కనబడలేదు. అడిగితే రాలేదన్నారు.

హేమమాలిని ఎవరికీ చెప్పకుండా లూనా తీసింది. సెక్టర్ 2 బడికి పది నిమిషాల దూరం. ఆ పది నిమిషాలు ఎలా నడిపిందో ఆవిడకి గుర్తులేదు. క్వార్టరు నంబరు చూసుకుని, బండి స్టాండు కూడా వేయకుండా గోడకి ఆనించి, తలుపు కొట్టింది.

తలుపు తీసింది తల్లి వరలక్ష్మమ్మ. చేతులకి ఇంకా సీకాయ పిండి అంటుకునే ఉంది.

"మణిమాల ఉందా?" అంది హేమమాలిని.

"ఉన్నాది టీచరమ్మా. పెరట్లో ఉన్నాది. తలంటి పోసినాను. గుంట నాలుగు రోజుల్నుంచి సరిగ్గా నిద్దరోటంనేదు. ఇయ్యాల బడొద్దులే అని నానే ఆపీసినాను. ఏటయినాది?"

పెరటి గుమ్మంలోంచి మణిమాల కనిపించింది. ఎండలో నులక మంచం మీద కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. టీచర్ని చూసి లేచి నిలబడింది.

హేమమాలిని గుమ్మంలోనే కూర్చుండిపోయింది. పదిహేనేళ్లుగా పిల్లల ముందు ఎప్పుడూ ఏడవని మనిషి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. వరలక్ష్మమ్మ చేతులు కడుక్కొచ్చి, గ్లాసుతో నీళ్లిచ్చి, పక్కనే నేలమీద కూర్చుంది.

మణిమాల దగ్గరికొచ్చింది. "నా గురించేనా మేడం?"

"నీ గురించే," అంది హేమమాలిని ముక్కు తుడుచుకుంటూ. "నేను నీకు ఇవ్వకూడని మాట ఇచ్చాను మణీ. దాన్ని నిలబెట్టుకోవడం నావల్ల కాదు. మీ అమ్మకి తెలియాలి. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

మణిమాల వచ్చి తల్లి ఎదురుగా మఠం వేసుకుని కూర్చుని తనే చెప్పింది. సగం హిందీ, సగం తెలుగు. గుండె దడ, పరీక్ష హాలు, పొద్దున్న లేవకూడదనిపించడం, అన్నీ. టీచరు ముందు చెప్పినదానికంటే ఎక్కువే చెప్పింది.

వరలక్ష్మమ్మ తిట్టలేదు, గుండెలు బాదుకోలేదు. తడి జుట్టుతోనే కూతుర్ని దగ్గరికి లాక్కుంది. "నానూ కనిపెడతానే ఉన్నాను," అంది టీచరుతో. "అడిగితే ఏటి వినవలసొస్తాదోనని భయమేసి అడగనేదు. నా తప్పే అది."

రెండున్నరకి మొదటి షిఫ్టు దిగి నరసింగరావు వచ్చాడు. ఇంట్లో టీచరు కనబడేసరికి గుమ్మంలోనే ఆగిపోయాడు. మణిమాల తల్లి వెనక్కి జరిగింది. అతను బూట్లు విప్పి, నేలమీద కూర్చుని, వరలక్ష్మమ్మ చెప్పిందంతా తలవంచుకుని విన్నాడు. విన్నాక కూతురి వైపు చూడలేదు. తన చేతుల వైపు చూసుకున్నాడు.

"నాకూ వచ్చినాది ఇదే," అన్నాడు.

వరలక్ష్మమ్మ తలెత్తి అతని వైపు చూసింది.

"నాలుగేళ్లయినాది. ఏటీ నేదు, మామూలు రోజే. పైన కేబిన్లో కూకున్నాను. ఉన్నట్టుండి ఊపిరాడనేదు. గుండె దడదడ. సచ్చిపోతన్నాననుకున్నాను. తర్వాత నెలరోజులు నిచ్చెనెక్కాలంటే కాళ్లు ఒణికీవి. సెప్తే క్రేను మీంచి దింపీస్తారని ఎవులికీ సెప్పనేదు. మీ అమ్మకీ సెప్పనేదు." అప్పుడు కూతురి వైపు తిరిగాడు. "దానంతటదే తగ్గినాది కాబట్టి బతికిపోనాను. నీకు అలాగ ఒద్దమ్మా. ఆస్పత్రికెళదాం. ఆ పరీచ్చ ఒగ్గీ. ఈ ఏడు కాకపోతే ఒచ్చే ఏడు. అసలు రాయకపోయినా నాకేటీ అవ్వదు."

మణిమాల ఏడుస్తూనే ఉంది కానీ భుజాలు కిందికి దిగాయి. అది చూశాక హేమమాలిని వెళ్లడానికి లేచింది.

నరసింగరావు గుమ్మం దాకా వచ్చాడు. "ఒక మాట అడుగుతాను మేడంగారు. ఇలాటి పిల్లలు మీకాడికి ఎంతమందొస్తారు?"

"చాలామందే."

"మరి మీ ఎనకాల ఎవులున్నారు?"

"ఎవరూ లేరు," అంది హేమమాలిని.

"కింద నిలబడి చెయ్యి చూపించే మనిషి నేకుండా మేం క్రేనుతో బరువెత్తం. రూలది. సోమారం నానూ బడికొస్తాను. పెద్దసారుతో మాట్లాడదాం."

సోమవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని నిజంగానే వచ్చాడు. ప్రిన్సిపాల్ గదిలో కుర్చీ చూపించినా కూర్చోకుండా, నిలబడే చెప్పాడు. తన కూతురి సంగతి దాచకుండా చెప్పి, "ఈ మేడంగారు రాకపోతే మాకు తెలిసీది కాదు. కానీ ఈవిడొక్కరే ఇదంతా మొయ్యడం సరికాదండి," అన్నాడు. వాసుదేవరావు గారు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. జూలై తర్వాత తను ఒక్కసారి కూడా ఆ గదికి వెళ్లి ఎలా ఉందమ్మా అని అడగలేదన్న సంగతి ఆయనకి అప్పుడే తట్టినట్టుంది. చెడ్డ మనిషి కాదు. ఫలితాలు, యూనిఫారాలు, కిటికీ అద్దాలు, వాటితోనే సరిపోయేది. "పొరపాటు నాది," అన్నారు. అంత త్వరగా అంటారని హేమమాలిని అనుకోలేదు.

ప్లాంటు ఆసుపత్రిలో మానసిక వైద్యం చూసే కుముదిని గారి దగ్గరికి తల్లిదండ్రులిద్దరూ మణిమాలని తీసుకెళ్లారు. ఆవిడ అరగంట విని, "ఇది గుండెజబ్బు కాదు, గాలీ ధూళీ కాదు. చాలామందికి వస్తుంది. తగ్గుతుంది," అన్నారట. ఆ ఒక్క మాటకే వరలక్ష్మమ్మ ముఖం తేటపడిందని తర్వాత మణిమాలే చెప్పింది. మందు కొంత, ఊపిరి నెమ్మదిగా తీసుకునే పద్ధతి కొంత. పొద్దున్న లేవకూడదనిపిస్తే ఆ క్షణమే తల్లికి చెప్పాలని గట్టి ఒప్పందం. నాలుగింటి టీ మానేశారు. పిల్ల ఆరింటి దాకా పడుకునేది.

ప్రిన్సిపాల్ వెళ్లి అడిగితే కుముదిని గారు గురువారం మధ్యాహ్నాలు బడికి రావడానికి ఒప్పుకున్నారు. పిల్లల్ని చూడ్డానికి కాదు, హేమమాలినితో కూర్చోవడానికి. పేర్లు అక్కర్లేదు, మీ మనసులో బరువున్నది చెప్పండి అన్నారు. మొదటి గురువారం గంటంతా హేమమాలినే మాట్లాడింది. ఆగస్టు నుంచి దాచుకున్నదంతా బయటికి వచ్చింది. కొన్నిటికి కుముదిని గారు దారి చూపించారు. కొన్నిటికి, "దీనికి ఇప్పుడు మీరు చేయగలిగిందేమీ లేదు, వింటున్నారు కదా, అదే చాలు," అన్నారు. అలా చెప్పేవాళ్లు ఒకరుండటం ఎంత హాయో అంతకుముందు ఆవిడకి తెలీదు.

ఆ రోజే ఒట్టు సంగతి కూడా తేలిపోయింది. అప్పటినుంచి కుర్చీలో కూర్చున్న పిల్లలకి హేమమాలిని ఇలా చెప్పేది: "నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. నీ ప్రాణానికి ముప్పుంటే మాత్రం దాచను. నీకు చెప్పే, పెద్దవాళ్లకి చెప్తాను." పిల్లలు రావడం మానేస్తారేమోనని భయపడింది. ఒక్కరూ మానలేదు. జనవరిలో శ్రీలక్ష్మి వచ్చి, "సగం రోజులు నేను కూర్చుంటానే, నాకూ నేర్పు," అంది. స్టాఫ్ రూములో ఆ డాక్టరమ్మ హాస్యం దానంతటదే ఆగిపోయింది.

మార్చిలో బోర్డు పరీక్షలు. రాస్తానని మణిమాలే అంది. ఫిజిక్స్ రోజున హేమమాలినికి డ్యూటీ లేదు. అయినా వచ్చి వరండాలో నిలబడింది. గంట కొట్టాక పిల్లలందరితో పాటు మణిమాల బయటికొచ్చింది. ముఖం ఎర్రగా ఉంది.

"మధ్యలో వచ్చింది మేడం," అంది.

హేమమాలిని ఒక అడుగు ముందుకేసింది. "ఏం చేశావు?"

"పెన్ను కింద పెట్టేశాను. డాక్టరు గారు చెప్పినట్టు ఊపిరి లెక్కపెట్టుకున్నాను. పోయింది. ఒక ప్రశ్న వదిలేశాను, టైము చాల్లేదు." ఆ ప్రశ్న గురించి పెద్దగా దిగులున్నట్టు కనబడలేదు. గేటు దగ్గర స్నేహితురాళ్లు కేకేశారు. "పవర్ హౌస్ బజారుకి వెళ్లి చాట్ తింటాం మేడం. అమ్మకి చెప్పే వచ్చాను," అని పరుగెత్తింది.

హేమమాలిని ఇంటికొచ్చింది. సూర్యప్రకాష్ రెండో షిఫ్టుకి బయల్దేరబోతున్నాడు. "ఏటి, ఇయ్యాల ముఖం ఎలిగిపోతున్నాది?" అన్నాడు. "ఆకలేస్తోంది," అంది. అన్నం, ముద్దపప్పు, ఆవకాయ పెట్టుకుని కడుపునిండా తిని, చాప పరుచుకుని ఫ్యాను కింద పడుకుంది. సాయంత్రం ఐదింటికి తన పిల్లలు ఇంటికొచ్చి లేపేదాకా మెలకువ రాలేదు.